లిమ్మాట్ నది మనల్ని అడిగే ప్రశ్న

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘాల్లో యెరూషలేము యాత్ర చేసి వచ్చినవారు ఇప్పుడు అరుదేమీ కాదు. పిల్లలు లండన్‌లోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉద్యోగాల్లో ఉన్న తల్లిదండ్రులకు యూరప్ కూడా దూరం కాదు. అయితే ఈఫిల్ టవర్, మంచుకొండలతో యువతరానికి తృప్తి కలగడం లేదు. వింతగొలిపేవి, వెన్నులో వణుకు పుట్టించేవి చూడాలంటున్నారు. చెక్ దేశంలో కుత్నా హోరా పట్టణ శివారున సెడ్లెక్ అనే చోట ఒక చిన్న చర్చిని 40 వేలమందికి పైగా మృతుల ఎముకలతో అలంకరించారు. పైనుంచి వేలాడే దీపాల గుత్తి కూడా ఎముకలదే! పారిస్ నేల కింది సొరంగాల్లో సుమారు 60 లక్షలమంది అస్థికలు పేర్చి ఉన్నాయి.

విశ్వాసి ఇలాంటివి చూడవచ్చా? చూడవచ్చు. మట్టికి తిరిగి చేరేవారమని గుర్తుచేసే దృశ్యం ఎవరికీ చెడు చేయదు. కాని అంతదూరం వెళ్లి, ‘అబ్బో, ఎంత వింత!’ అని ఫొటో దిగి వస్తే లాభమేమిటి? ఇది ఎవరు చేశారు, ఎవరికి చేశారు, ఎందుకు చేశారు అని అడిగే యాత్ర ఒకటి వేసుకుందాం. ఇంగ్లండ్‌కు వేరే వీసా కావాలి. నెదర్లాండ్స్, జర్మనీ, స్విట్జర్లాండ్‌లకు ఒక్క షెంజెన్ వీసా చాలు.

మొదటి మజిలీ ఆక్స్‌ఫర్డ్. బ్రాడ్ స్ట్రీట్ అనే వీధిలో, రోడ్డు మధ్యనే రాళ్లతో పరిచిన సిలువ గుర్తు కనబడుతుంది. 1555 అక్టోబర్ 16న లాటిమర్, రిడ్లీ అనే బిషప్పులను, 1556 మార్చి 21న ఆర్చ్‌బిషప్ క్రాన్మర్‌ను కట్టెలకు కట్టి కాల్చేశారు. సంస్కరణ విశ్వాసాన్ని వదలనందుకు ఆ శిక్ష. అక్కడ నిలబడితే కన్నీళ్లు వస్తాయి. అప్పటి రాణి మేరీ మీద కోపమూ వస్తుంది. చంపినవారు వేరే, చచ్చినవారు మనవారు. ఇంతవరకు లెక్క సులువే.

అక్కడినుంచి సముద్రం దాటి జర్మనీలోని మున్‌స్టర్‌కు వెళ్తే ఆ లెక్క తారుమారవుతుంది. సెయింట్ లాంబర్ట్ చర్చి గోపురానికి మూడు ఇనుప పంజరాలు వేలాడుతుంటాయి. విశ్వసించిన పెద్దలకే బాప్తిస్మం ఇవ్వాలన్నవారిని ఆ రోజుల్లో అనాబాప్టిస్టులు అనేవారు. వారిలో ఒక తీవ్ర వర్గం 1534లో ఈ నగరాన్ని పట్టుకుని, ఇదే కొత్త యెరూషలేము అని ప్రకటించింది. తమ బాప్తిస్మాన్ని ఒప్పుకోనివారిని చలికాలంలో నగరం బయటికి తరిమింది. 1535లో బిషప్పు సైన్యం నగరాన్ని గెలిచింది. 1536 జనవరి 22న ముగ్గురు నాయకులను కాల్చిన పటకార్లతో హింసించి చంపి, శవాలను ఆ పంజరాల్లో పెట్టి పైకెత్తారు. హింసపడినవారే అవకాశం దొరికితే హింసించేవారయ్యారు. వారిని ఓడించినవారు కరుణ చూపలేదు.

అక్కడినుంచి జెనీవా. త్రిత్వాన్ని నిరాకరించిన మైకేల్ సెర్వెటస్ అనే స్పెయిన్ వైద్యుణ్ణి 1553 అక్టోబర్ 27న ఈ ఊరి షాంపెల్‌లో సజీవంగా దహనం చేశారు. అది కాల్విన్ బోధించిన నగరం. సెర్వెటస్ బోధ తప్పే కావచ్చు. తప్పు బోధకు జవాబు నిప్పా? కాల్విన్‌ను గౌరవించే సంస్కరణ సంఘస్థులే ఆ దోషాన్ని ఒప్పుకుంటూ 1903లో అక్కడ స్మారకశిల నిలబెట్టారు.

జెనీవానుంచి రైలెక్కితే సుమారు మూడు గంటల్లో జూరిక్. ఊరి నడుమ లిమ్మాట్ నది తేటగా పారుతుంటుంది. ఫెలిక్స్ మాంజ్ అనే యువ బోధకుడు మొదట సంస్కర్త జ్వింగ్లీ దగ్గర వాక్యం నేర్చుకున్నవాడే. శిశువులకు కాదు, విశ్వసించినవారికే బాప్తిస్మం అన్నాడు. 1527 జనవరి 5న సంస్కరణ నగరసభే అతని చేతులు మోకాళ్ల కిందికి కట్టి, మధ్యలో కర్ర దూర్చి, పడవమీదినుంచి ఈ నదిలోకి తోయించింది. నీళ్ల బాప్తిస్మం అడిగినవాడికి నీళ్లే మరణశిక్ష!

ఈ నదికీ మన సూర్యాపేటకూ సంబంధం ఉంది. మాంజ్ తరం అనాబాప్టిస్టుల్లో శాంతిమార్గం పట్టినవారు మెనో సైమన్స్ పేరుమీద మెనోనైట్లయ్యారు. ఒకచోట నిలువనీడ లేక నెదర్లాండ్స్‌నుంచి విస్తులా నది ప్రాంతానికి, అక్కడినుంచి దక్షిణ రష్యాకు వలసపోయారు. వారిలో 1860లో పుట్టిన మెనోనైట్ బ్రదరెన్ సంఘంనుంచే అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1890లో నల్గొండకు వచ్చారు. ఆ తర్వాత అబ్రహాం హ్యూబర్ట్ సూర్యాపేటలో సేవచేశారు. అమెరికన్ బాప్తిస్టు మిషన్‌తో కలిసి పనిచేసినవారు వీరు. తరిమినవారి మీద పగ మోసుకురాలేదు, మన ముత్తాతలకు సువార్త మోసుకొచ్చారు.

ఆ ధోరణి వారికి ఎక్కడినుంచి అబ్బిందో తెలుసా? 1569లో నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్‌లో డిర్క్ విల్లెమ్స్ అనే అనాబాప్టిస్టు చెరనుంచి తప్పించుకుని పలచని మంచుమీద పరుగెత్తాడు. వెంట తరిమినవాడు మంచు విరిగి నీళ్లలో పడ్డాడు. డిర్క్ వెనక్కి తిరిగివచ్చి అతణ్ణి పైకి లాగాడు. దొరికిపోయాడు. మే 16న అతణ్ణి కాల్చేశారు. నీళ్లలో ముంచినవారున్నారు, నీళ్లలోంచి లాగినవారూ ఉన్నారు. ఇద్దరూ ప్రభువు పేరే చెప్పారు.

ప్రవక్తల సమాధులు కట్టించి, తాము పితరుల కాలంలో ఉంటే ఆ రక్తపాతంలో పాలివారం కామని చెప్పుకునేవారిని ప్రభువు గద్దించిన సంగతి మత్తయి సువార్త 23వ అధ్యాయంలో చదువుతాం. మనమూ లిమ్మాట్ ఒడ్డున నిలబడి అదే మాట అనుకోవచ్చు. ఇప్పుడు ఎవరూ ఎవరినీ నదిలోకి తోయడం లేదు, నిజమే. కాని పక్క సంఘంవారిది బాప్తిస్మమే కాదని వేదికమీద ఎగతాళి చేయడం ఏమిటి? అబ్బాయి, అమ్మాయి నచ్చాక సంఘం పేరు విని సంబంధం వదులుకోవడం ఏమిటి? వేరే సంఘంవాడని సమాధుల తోటలో ఆరడుగుల చోటివ్వకపోవడం ఏమిటి? చిలకరింపా, ముంచడమా అనే విషయంలో ఎవరి నమ్మకం వారికి దృఢంగా ఉండవచ్చు. నమ్మకం వేరు, ద్వేషం వేరు.

1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది తెలుగువారు బాప్తిస్మం పొందారు. అవీ నీళ్లే, లిమ్మాట్‌వీ నీళ్లే. నీటిలో భేదం లేదు, ఒడ్డున నిలబడిన మనుషుల మనసులోనే ఉంది.

2004 జూన్‌లో జూరిక్ సంస్కరణ సంఘంవారు అనాబాప్టిస్టుల సంతతిని పిలిచి, క్షమాపణ కోరి, లిమ్మాట్ ఒడ్డున స్మారక ఫలకం పెట్టారు. 477 ఏళ్లు పట్టింది! యూరప్ వెళ్లగలిగినవారు ఆ ఫలకం ముందు కాసేపు మౌనంగా నిలబడి రండి. వెళ్లలేనివారు ఈ ఆదివారం ఆరాధన ముగిశాక పక్క సంఘం గుమ్మందాకా నడిచి వెళ్లండి. అక్కడి కాపరికి, ఆ విశ్వాసులకు వందనాలు చెప్పండి. ఆ నాలుగడుగులకు వీసా అక్కర్లేదు.