గుంద్రుక్ పులుసు

గుంద్రుక్ అంటే నేపాల్ కొండ ప్రాంతాల్లో ఆకుకూరను పులియబెట్టి, ఎండబెట్టి దాచుకునే వరుగు. దీనికి ఎక్కువగా వాడేది అక్కడివాళ్లు ‘రాయో సాగ్’ అని పిలిచే ఆవాకు. ముల్లంగి ఆకు, కాలీఫ్లవర్ ఆకు కూడా పనికొస్తాయి. చలికాలంలో ఇవన్నీ ఒక్కసారే ఏపుగా పెరుగుతాయి. వండుకోగా మిగిలిన ఆకు గుంద్రుక్‌గా మారి, పచ్చికూర దొరకని నెలల్లో ఇంటికి ఆధారమవుతుంది. సిక్కిం, డార్జిలింగ్ కొండల్లోని నేపాలీ కుటుంబాల్లోనూ ఇది నిత్యం వాడే వస్తువే.

ఈ పులుసు రుచి చాలావరకు పొయ్యి దగ్గరకు రాకముందే తేలిపోతుంది. కోసిన ఆకును ఒకటి రెండు రోజులు ఎండలో వాడనిచ్చి, నలిపి, కుండలో కొద్దికొద్దిగా వేస్తూ కర్రతో గట్టిగా కూరుతారు. కూరే కొద్దీ ఆకులోని రసం ఊరి పైకి వస్తుంది. మధ్యలో గాలి మిగలకూడదు, మిగిలితే బూజు పడుతుంది. అందుకే ఈ కూరడంలోనే చేయి తిరిగినతనం తెలుస్తుంది. మూతి బిగించి వెచ్చని చోట వారం, పది రోజులు ఉంచితే పుల్లటి వాసన వస్తుంది. అప్పుడు తీసి, మళ్లీ ఎండలో పరిచి, గలగలలాడేలా ఎండబెడతారు.

ఇందులో ఉప్పు వేయరు. ఆవకాయను ఉప్పు, నూనె కాపాడితే, గుంద్రుక్‌ను దానిలో పుట్టిన పులుపే కాపాడుతుంది. ఆకుకు సహజంగా అంటి ఉండే లాక్టోబాసిల్లస్, పీడియోకాకస్ జాతుల సూక్ష్మజీవులు గాలి అందని చోట ఆకులోని చక్కెరలను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లంలో కుళ్లబెట్టే క్రిములు బతకలేవు. గోంగూర పులుపు ఆకులోదే, గుంద్రుక్ పులుపు మాత్రం పులిస్తేనే వచ్చేది. అయితే ఎండబెట్టడంలో పచ్చి ఆకులోని కెరోటిన్ చాలావరకు నశిస్తుంది. ముల్లంగి దుంపను గోతిలో పూడ్చి ఇలాగే పులియబెడితే దాన్ని ‘సింకి’ అంటారు.

గుంద్రుక్‌తో చేసే పలుచని పులుసు ‘గుంద్రుక్ కో ఝోల్’. నలుగురికి రెండు గుప్పెళ్ల గుంద్రుక్ చాలు. దాన్ని శుభ్రంగా కడిగి పది నిమిషాలు మాత్రమే నానబెట్టాలి. ఎక్కువసేపు నానితే పులుపు నీళ్లలోకి దిగిపోతుంది, వారం పడ్డ శ్రమంతా ఆ నీళ్లతోనే పోతుంది. గుప్పెడు సోయా గింజలను విడిగా దోరగా వేయించుకోవాలి. ఆవనూనెను పొగ వచ్చేదాకా కాచి, కాస్త చల్లార్చి, మెంతులు వేసి నల్లబడుతుండగా ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉల్లిపాయ వేయించాలి. తర్వాత బంగాళదుంప ముక్కలు, పసుపు, ఉప్పు వేసి మగ్గనివ్వాలి. టొమాటో ఒక్కటి చాలు, అంతకు మించితే గుంద్రుక్ రుచిని మింగేస్తుంది. నీళ్లు పిండేసిన గుంద్రుక్, సోయా గింజలు వేసి రెండు నిమిషాలు కలిపి, జీలకర్ర, ధనియాల పొడులు చల్లి, నాలుగు గ్లాసుల నీళ్లు పోయాలి. దుంప మెత్తబడేదాకా మరిగితే సరి. ఆకు నమిలితే కాస్త పీచుగా తగులుతుంది, అది ఉడకకపోవడం కాదు.

దీన్ని వేడి అన్నంలోకి గానీ, మొక్కజొన్న పిండితోనో రాగి పిండితోనో సంకటిలా కెలికిన ‘ఢిండో’తో గానీ తింటారు. ఢిండో ముద్దను నమలరు, పులుసులో ముంచి మింగుతారు. గుంద్రుక్‌ను ఉడికించకుండా నానబెట్టి పిండి, ఉల్లిపాయ, మిరపకాయ, ఆవనూనె కలిపితే అదే భోజనంలో పచ్చడి అవుతుంది.