అట్ట కింద దాగిన పనితనం

చేతితో బైండు చేసిన పుస్తకంలో చూపరులను మొదట ఆకట్టుకునేవి తోలు నునుపూ బంగారు నగిషీలే అయినా, ఆ పుస్తకం తరాలపాటు నిలుస్తుందో లేదో తేల్చేది అట్ట కింద మరుగుపడిపోయే కుట్టు.

మడిచిన కాగితాల కట్టను ఫారం అంటారు. చెక్క చట్రంలో నార తాళ్లను నిలువుగా బిగించి, వాటికి ఫారాలను ఒకదానిపై ఒకటి చేర్చి, మడత లోపలి నుంచి సూదిని పోనిస్తూ, దారాన్ని ప్రతి తాడు చుట్టూ తిప్పి బైండరు కుడతాడు. కుట్టు ముగిశాక వెన్నుకు జిగురు పూసి, సుత్తితో తట్టి గుండ్రన చేసి, తాళ్ల కొసలను పురి విప్పి అట్టల రంధ్రాల్లోకి దూర్చి అంటిస్తాడు. అందువల్ల అట్ట పైతొడుగులా కాక పుస్తకంలో ఒక అంగంగా నిలుస్తుంది. ఆ తరువాత, అంచుల దగ్గర కత్తితో చెక్కి పలచబరిచిన మేక తోలుకు పిండి జిగురు రాసి, వెన్ను మీది తాళ్లు గట్లుగా తేలేటట్లు అదిమి కప్పుతాడు. నగిషీ వేయవలసిన చోట గుడ్డు తెల్లసొన పూసి, బంగారు రేకు పరచి, కాచిన ఇత్తడి పనిముట్టుతో నొక్కితే, వేడి తగిలిన మేరకే రేకు పట్టుకుంటుంది, మిగిలినదాన్ని తుడిచివేస్తారు.

ఇంగ్లండులో టి. జె. కాబ్డెన్-శాండర్సన్ న్యాయవాద వృత్తిని వదిలి, నలభై ఏళ్లు దాటాక ఈ విద్య నేర్చుకొని, 1893లో లండన్‌లోని హామర్‌స్మిత్‌లో డవ్స్ బైండరీని నెలకొల్పారు. అక్కడ శిక్షణ పొందిన డగ్లస్ కాకరెల్ 1901లో బైండింగ్ గురించి, పుస్తక సంరక్షణ గురించి ప్రామాణిక గ్రంథం రాశారు. బ్రిటిష్ మ్యూజియం 1933లో సోవియట్ ప్రభుత్వం నుంచి కొన్న కోడెక్స్ సైనైటికస్ అనే ప్రాచీన గ్రీకు బైబిలు ప్రతికి బైండింగ్ చేసినది కూడా ఆయనే. కాకరెల్‌తో కలిసి పనిచేసిన రోజర్ పావెల్ 1953లో, డబ్లిన్ ట్రినిటీ కళాశాలలోని సుప్రసిద్ధ చిత్రాలంకృత ప్రతి 'బుక్ ఆఫ్ కెల్స్'ను నాలుగు సంపుటాలుగా కట్టారు.

అదే ప్రతిని 19వ శతాబ్దంలో బైండు చేసినప్పుడు, అంచులు సమంగా కనిపించాలని చర్మపత్రాలను కత్తిరించడంతో కొన్ని అలంకరణల కొసలు తెగిపోయాయి. కోసినది తిరిగి అతకదు, కుట్టినది మాత్రం విప్పవచ్చు. అందుకే పాత ప్రతులను బాగుచేసే బైండర్లు తమ పని తరువాతి బైండరు విప్పడానికి వీలుగా ఉండాలన్న నియమం పాటిస్తారు. ఎంతో గట్టి కృత్రిమ జిగుర్లు దొరుకుతున్నా, తడి తగిలితే వదులయ్యే పిండి జిగురునే వారు నేటికీ ఎంచుకోవడానికి ఇదే కారణం.