ఆశావాది పడవ

తెరచాప పడవలతో పందెములాడుట చిరకాలము ధనికుల వినోదముగా నుండెను. ఆ వినోదమును సామాన్యుల పిల్లలకు అందించిన చిన్న పడవ యొకటి కలదు. దాని పేరు ఆప్టిమిస్ట్. ఆ మాటకు ఆశావాది అని యర్థము.

అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున, సముద్రతీరమందు క్లియర్‌వాటర్ అను పట్టణము కలదు. అచ్చటి ఆప్టిమిస్ట్ క్లబ్బు అను సేవాసంఘము పిల్లలకు యంత్రము లేని చక్రాల బండ్ల పందెములు నడుపుచుండెను. బండికి 50 డాలర్లకు మించి వ్యయము చేయరాదని నియమము. అంతే వ్యయముతో పిల్లలకు పడవను కూడ సమకూర్చవలెనని మేజర్ క్లిఫర్డ్ మెకే సూచించెను.

పడవలు నిర్మించు క్లార్క్ మిల్స్ 1947వ సంవత్సరమున ఆ పనికి పూనుకొనెను. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలకలు రెండింటితో పడవ పూర్తి కావలెను. కోసుగా ముక్కు తీర్చుటకు ఆ పలకల పొడవు చాలదు. అందుచేత ఆయన పడవ ముందు భాగమును పెట్టె వలె చదునుగా నిలిపెను. చూపునకు సొగసు తక్కువయైనను, పడవ నిలుకడగా తేలెను. మిల్స్ తన నమూనాను సంఘమునకు ఉచితముగా నొసగెను.

తరువాత ఏక్సెల్ డామ్‌గార్డ్ అను నతడు ఈ నమూనాను కొద్దిగా మార్చి డెన్మార్కు దేశమున ప్రవేశపెట్టెను. అచ్చటినుండి అది ఐరోపా అంతటను వ్యాపించెను. 1962లో ఇంగ్లండునందు మొదటి ప్రపంచ పోటీ జరిగెను. 1965లో అంతర్జాతీయ సంఘ మేర్పడెను. నేడు 100కు పైగా దేశములలో ఈ పడవ కలదు.

పడవలు వేరువేరుగా నున్నచో, ఎక్కువ ధనము వెచ్చించి తేలికైన పడవ చేయించుకొన్నవానిదే గెలుపగును. ఈ యన్యాయమును తొలగించుటకే కొలతల నియమములు పుట్టినవి. 1995 నుండి అవి మరింత కఠినమైనవి. ప్లైవుడ్‌కు బదులు ఫైబర్ గ్లాసు వచ్చినది; వెల పెరిగినది; కాని పడవలన్నియు ఒకే తీరున నుండవలెను. పొడవు సుమారు 2.3 మీటర్లు, బరువు 35 కిలోగ్రాములు. కనుక గెలుపు ధనముపై గాక, గాలిని గుర్తించు నేర్పుపై నాధారపడును.

15 ఏండ్లు దాటని బాలబాలికలు ఇందు పాల్గొందురు. పడవకు ఒక్కరే నావికులు. తెరచాప త్రాడు ఒక చేత, చుక్కాని మరియొక చేత పట్టి, గాలి విసరునపుడు పడవ ఒరిగిపోకుండ దేహమును వెలుపలికి వాల్చవలెను. ప్రతి పడవ వెంట తీర్పరి యుండడు. ఇతరుల దారికి అన్యాయముగా అడ్డుపడినవారు తప్పు నొప్పుకొని, తమంతట తామే పడవను రెండు చుట్లు త్రిప్పి, పిదప ముందుకు సాగవలెను. అందుచేత వెనుకబడుట తప్పదు. అయినను ఆ నియమము మీదనే పందెము నిలిచియున్నది.

హైదరాబాదు హుస్సేన్ సాగరముపై జరుగు పోటీలలో తెలుగు బాలబాలికలును ఈ పడవలను నడుపుచున్నారు. రెండు చెక్క పలకలతో పుట్టిన పడవ, ఓడినపుడు ధనమును నిందింపక మరల సాధన చేయుటను నేటి పిల్లలకు నేర్పుచున్నది.