కదిలే బొమ్మల వెనుక కనిపించని అక్షరాలు

అరకేరలో ఒకరు తమ విత్తనాల అంగడికి వెబ్‌సైటు పెట్టించారనుకోండి. తెరవగానే పత్తికాయ పగిలి దూది విచ్చుకుంటుంది. దాని మీద అంగడి పేరు ఒక్కొక్క అక్షరంగా మెరుస్తూ వస్తుంది. చూసినవారంతా భేష్ అంటారు. కానీ రాయచూరులోనో గద్వాలలోనో ఉన్న రైతు "అరకేర విత్తనాలు" అని తెలుగులో టైపు చేసి వెతికితే మాత్రం ఆ అంగడి దొరకదు. ఎందుకు?

గూగుల్ వంటి సెర్చ్ ఇంజిన్ తరఫున పేజీలు చదివేది ఒక ప్రోగ్రామ్. అది నమ్మకంగా చదివేది టైపు చేసిన అక్షరాలనే. బొమ్మలో గీసిన అక్షరం దానికి రంగు చుక్కల గుంపు. మీట నొక్కితేనే వచ్చే సమాచారం దానికి అందదు, అది మీట నొక్కదు కాబట్టి. ఒకప్పుడు ఇటువంటి పేజీలను ఫ్లాష్‌తో చేసేవారు. అందులోని అక్షరాలను చదవడం గూగుల్ 2008లో మెరుగుపరచింది, 2019లో మానుకుంది. 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ ఫ్లాష్ ప్లేయర్‌కే స్వస్తి చెప్పింది. ఉన్నదంతా బొమ్మలోనే పెట్టినవారికి ఖాళీ పేజీ మిగిలింది.

తెలుగువారికి ఈ కష్టం కొత్తది కాదు. తొలిరోజుల్లో కొన్ని తెలుగు పత్రికల వెబ్‌సైట్లు సొంత ఫాంట్లు వాడాయి. తెరమీద ముచ్చటైన తెలుగు, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ! యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, ఆ పత్రికలు దానికి మారేదాకా వాటి వార్తలు తెలుగులో వెతికితే దొరికేవి కావు.

ఇక్కడే కొందరు అడ్డదారి చెబుతారు. తెల్లని పేజీ మీద తెల్లని అక్షరాలతో మాటలు కుక్కమంటారు. లేదా ఇంజిన్‌కు ఒక పేజీ, మనిషికి మరొకటి చూపమంటారు. 2006 ఫిబ్రవరిలో బీఎండబ్ల్యూ కంపెనీ జర్మనీ వెబ్‌సైటు ఈ రెండో పనే చేసింది. "వాడిన కారు" అన్న జర్మన్ మాటను పదేపదే నింపిన పేజీలు ఇంజిన్‌కు, వేరే పేజీ మనుషులకు. గూగుల్ ఆ సైటును జాబితా నుంచి తీసేసింది, సరిదిద్దుకున్నాకే తిరిగి చేర్చింది. అంత పెద్ద కంపెనీకి తప్పనిది అరకేర అంగడికి తప్పుతుందా?

బొమ్మను తీసేయనక్కరలేదు. పత్తికాయ పగలనివ్వండి. దాని కిందే అంగడి పేరు, దొరికే విత్తనాలు, ఊరు, జిల్లా యూనికోడ్ అక్షరాల్లో అందరికీ కనిపించేలా ఉంచండి. బెంగళూరులో అరకెరె అనే పేట ఉంది కాబట్టి రాయచూరు జిల్లా అని వ్రాయడం మరువకండి. తెలుగుకు ఒక పేజీ, కన్నడానికి ఒక పేజీ, వేటి చిరునామా వాటికి ఉంటే మేలు. ప్రతి పేజీకి దాని విషయం తెలిపే శీర్షిక పెట్టించండి. ప్రతి బొమ్మకూ లోపల ఒక చిన్న వివరణ చేర్చే వీలుంది. "విచ్చిన పత్తికాయ" అని ఉన్నదే వ్రాయాలి, సరుకుల జాబితా కాదు. చూపు లేనివారి కంప్యూటర్ బయటికి చదివి వినిపించేది ఆ వివరణనే.

పరీక్ష చాలా సులువు. పేజీ తెరిచిన వెంటనే, ఏదీ నొక్కకుండా, అంగడి పేరును కాపీ చేసి ఖాళీ కాగితం వంటి మరో పేజీలో అతికించండి. తెలుగు తెలుగుగానే వచ్చిందా? రాకపోతే వెబ్‌సైటు చేసినవారికి మిగిలిన సొమ్ము ఇచ్చేముందే ఆ మాట అడగండి.