బాత్ మేడ, బొలారం నిలయము

ఇంగ్లండులోని బాత్ నగరమున 1767 మొదలు 1774 వరకు జాన్ వుడ్ కుమారుడును తండ్రి పేరువాడునగు శిల్పి నిర్మింపజేసిన రాయల్ క్రెసెంటును చూచినవారు మనలో పెక్కురుందురు. అర్ధచంద్రాకారముగా వంగిన ఆ 30 ఇండ్లును, 114 అయానిక్ స్తంభముల ముఖశోభతో, ఒకే రాజప్రాసాదమను భ్రాంతిని గొల్పును. వెనుకవీథికి పోయినచో గుట్టు బయటపడును: శిల్పి ముఖభాగము నొక్కదానినే నియమించి విడిచినందున, కొన్నవారెల్లరు దాని వెనుక తమకు తోచినట్లు కట్టుకొనిరి. తేనెవన్నెగల ఆ ప్రాంతపు సున్నపురాయి ఏ వైపున కోసినను ఉలికి లొంగునది. దక్కను గ్రానైటుకు అంతటి సౌమ్యత లేదు.

నేల కఱవైన నగరమగుటచే అచటి ప్రతి యిల్లును పొరుగువానితో గోడ పంచుకొని పైకి పెరిగినది. నేలమాళిగలో వంటశాల, దానిపై భోజనశాల, ఆపైన అతిథిమందిరము, శయ్యాగృహములు, అన్నిటికిని మీద అటుకునంటి సేవకుల గదులు. యజమాని నడుమ సుఖముగా నుండగా, ఆయనను పోషించువారు క్రిందను, మీదను ఇఱుకున నుండిరి.

ఆ ఆంగ్లేయులే నిజాముతో 1798లో జరిగిన సైన్యసహకార సంధి వలన హైదరాబాదు హుస్సేన్ సాగరమున కుత్తరమున దండు విడిసి, 1806లో నిజాము సికందర్ జా పేర సికిందరాబాదు వెలసిన పిమ్మట, మన యెండకు తలయొగ్గి ఇంటిని నేలపై పఱచిరి. 1860లో కట్టబడి, బ్రిటిషు రెసిడెంటు విడిదియై, నేడు రాష్ట్రపతి నిలయమైన అచటి బొలారం భవనము సుమారు 90 ఎకరముల తోటలో ఒకే యంతస్తుగా, 11 గదులతో నున్నది. మేడ లేదు, మెట్ల బాధ లేదు. నేలమాళిగ వంటశాలయు లేదు. అయినను వంట కంటబడరాదను పట్టుదల మాత్రము సముద్రము దాటి వచ్చినది! వంటశాలను వేఱు కట్టడమున నుంచి, అచటినుండి భోజనశాలకు భూమిలోపల సొరంగము త్రవ్వించిరి. తిరుగమోత ఘాటు వీథియరుగు దాక వచ్చి అతిథిని పలుకరించు మన పెంకుటిండ్లవారి కిది వింతయే. శీతోష్ణస్థితి ఇంటి ఆకారమును మార్చగలిగెనే కాని, యజమానికిని వంటవానికిని నడుమనున్న దూరమును మార్చలేదు. నా దృష్టిలో ఈ రెండు కట్టడముల అసలు చుట్టఱిక మిదియే.

పూర్వము రాష్ట్రపతి శీతకాలపు విడిది ముగిసిన పిదప కొన్నిదినములు మాత్రమే తెఱువబడిన ఆ నిలయము, 2023 మార్చి నుండి, రాష్ట్రపతి విడిసియున్న దినములు తప్ప, ఏడాది పొడవునను ప్రజలకు తెఱిచియున్నది. సెలవులకు స్వదేశము వచ్చువారు దర్బారుమందిరముతో తృప్తిపడక, ఇప్పుడు చేర్యాల చిత్రములతో అలంకరింపబడిన ఆ సొరంగమున కూడ నడిచి చూడవలెనని మనవి.