దాయాదుల పోరు: జపాను భూసేన, నౌకాసేన

1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణం, కాకినాడ రేవులపై జపాను విమానాలు బాంబులు కురిపించిన సంగతి కోస్తా జిల్లాల వారు తరతరాలుగా చెప్పుకొనేదే. ఆ విమానాలు నౌకాసేనవి. అంతకు నెల ముందు రంగూను నగరాన్ని పట్టుకొన్నది భూసేన. దాని విమానాలు వేరు. జపానుకు ప్రత్యేకమైన వైమానిక దళం లేదు. రెండు సేనలూ ఎవరి విమానాలు వారే తయారు చేయించుకొనేవి. జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ ఇంజను ఒక్కదానినే భూసేన కోసం కవాసాకి, నౌకాసేన కోసం ఐచి వేర్వేరుగా హక్కులు కొని తయారు చేసినవి. ఇనుముకూ పెట్రోలుకూ కటకటపడుతున్న దేశం చేసిన పని ఇది!

క్రమశిక్షణకు పేరుమోసిన జపాను ఎందుకు ఓడిపోయిందని విద్యార్థులు తరగతిలో తరచుగా అడుగుతుంటారు. అమెరికా కర్మాగారాల శక్తి మొదటి కారణమన్నది నిర్వివాదం. అయితే తన పరువు కోసం ఒక సేన తోడి సేనకు నిజం దాచితే ఎంత అనర్థం కలుగుతుందో గ్రహించాలంటే 1944 అక్టోబరు నాటి ఉదంతాన్ని పరిశీలించాలి.

ఈ దాయాది వైరం పాతది. 1868లో మెయిజీ ప్రభుత్వాన్ని నిలబెట్టిన వంశాలలో చోషూ వారు భూసేనలోను, సత్సుమా వారు నౌకాసేనలోను పెద్దరికం వహించారు. 1889 నాటి రాజ్యాంగం ప్రకారం సేనలు చక్రవర్తికి మాత్రమే జవాబుదారులు. ఇద్దరినీ కూర్చోబెట్టి తగవు తీర్చగల ప్రధానమంత్రి లేడు. 1907లో జాతీయ రక్షణ విధానం రచించినప్పుడు భూసేన రష్యాను, నౌకాసేన అమెరికాను ప్రధాన శత్రువుగా ఎంచుకొన్నవి. ఎవరి శత్రువును బట్టి వారికి ధనం కావాలి కదా! 1912లో అదనంగా రెండు డివిజన్లు మంజూరు కానందున భూసేన మంత్రి రాజీనామా చేశాడు. ఆ పదవికి ఉద్యోగంలో ఉన్న సేనాధికారులే అర్హులన్న నియమం అప్పుడు ఉండేది. భూసేన మరొకరిని ఇవ్వలేదు. మంత్రివర్గం కూలిపోయింది.

ఇట్టివారికి ఓటమిని ఒప్పుకోవడం ప్రాణసంకటం. 1942 జూన్‌లో మిడ్వే వద్ద నౌకాసేన 4 విమానవాహక నౌకలను పోగొట్టుకొన్నది. ప్రజలకు మాత్రం ఒకటి మునిగిందని, మరొకటి దెబ్బతిన్నదని ప్రకటించారు.

ఇక 1944 అక్టోబరు 12 మొదలు 16 వరకు తైవాను సముద్రంపై జరిగిన పోరాటం. వైమానికులలో పలువురు అనుభవం లేని యువకులు. రాత్రివేళ నీటిపై మంట కనిపిస్తే శత్రునౌక తగలబడుతున్నదని భావించారు. ఆ మంట తమ సహచరుని విమానానిది కూడా కావచ్చు. ఆ నివేదికలన్నీ కూడితే 11 అమెరికన్ విమానవాహక నౌకలు మునిగినట్లు లెక్క తేలింది. వాస్తవానికి ఒక్కటీ మునగలేదు. కాన్బెర్రా, హూస్టన్ అనే రెండు క్రూయిజర్లు తీవ్రంగా దెబ్బతిన్నవి, అంతే. జపాను 300కు పైగా విమానాలు కోల్పోయింది.

ఆ రోజులలో కనోయా విమానాశ్రయానికి వచ్చిన హోరి ఎయిజో అనే భూసేనాధికారి తిరిగివచ్చిన వైమానికులను ప్రశ్నించి చూశాడు. మునిగింది ఏ నౌక, ఎట్లా తెలిసింది అని అడిగితే సరైన సమాధానం రాలేదట. తన అనుమానాన్ని తంతి ద్వారా పైవారికి తెలిపానని అతడు తరువాత జ్ఞాపకాలలో రాసుకొన్నాడు. ఆ మాట ఎవరూ పట్టించుకొన్న జాడ లేదు. ఇంతలో నౌకాసేన గూఢచారి విమానాలకే శత్రు విమానవాహక నౌకలు చెక్కుచెదరకుండా కనిపించినవి. అయినా తోడి సేనకు ఆ సంగతి స్పష్టంగా చెప్పలేదు. చక్రవర్తి ప్రశంస పొందిన విజయాన్ని కాదనడానికి ఏ నౌకాధిపతికి నోరు వస్తుంది?

అక్టోబరు 20న అమెరికన్లు ఫిలిప్పీన్స్‌లోని లెయితె ద్వీపంలో దిగారు. లూజాన్ ద్వీపంలో నిర్ణాయక యుద్ధం చేయాలన్నది భూసేన పూర్వ ప్రణాళిక. శత్రువు నౌకాబలం నశించిందన్న నమ్మకంతో దానిని మార్చి, సైన్యాన్ని లెయితెకు తరలించమన్నారు. అక్కడి సేనాని యమషిత వద్దన్నాడు, పైవారు వినలేదు. మునిగిపోయాయనుకొన్న నౌకల నుండి లేచిన విమానాలే ఓర్మోక్ రేవుకు పోతున్న జపాను రవాణా నౌకలను ముంచినవి. లెయితెలో జపాను సైనికులు పదుల వేలలో మరణించారు. తుపాకీ గుండ్లకు కొందరు, ఆకలికీ జ్వరాలకూ మరికొందరు.

కథ అక్కడితో ఆగలేదు. 1945 ఫిబ్రవరిలో యమషిత మనీలాను విడిచి కొండలలోకి తప్పుకోవాలన్నాడు. నగరంలోని ఇవాబుచి అనే నౌకాసేనాధిపతి కదలక నిలిచి పోరాడాడు. ఆ నెల రోజులలో దాదాపు లక్షమంది పౌరులు మరణించారని అంచనా; వారిలో పెక్కుమందిని జపాను సైనికులే చంపారు. ఇవాబుచి అక్కడే చనిపోయాడు. విచారణలో యమషిత, మనీలాలోని నౌకాసైనికులపై తనకు పూర్తి అధికారం లేదని వాదించాడు. న్యాయస్థానం అంగీకరించలేదు. 1946 ఫిబ్రవరి 23న అతనిని ఉరితీశారు.