మందు ఒక్కటే, అదను వేరు

పిల్లలూ! ఆళ్లగడ్డ నుంచి అహోబిలం వెళుతుంటే ఎదురుగా నల్లమల కొండలు కనిపిస్తాయి. ఆ అడవుల్లో ఎలుగుబంట్లు ఉన్నాయని మీకు తెలుసు. "ఎలుగుబంట్లు చలికాలమంతా నిద్రపోతాయట కదా సార్! మరి మన ఎలుగుబంట్లు ఎందుకు నిద్రపోవు?" అని ఒక విద్యార్థిని నన్ను అడిగింది. మంచి ప్రశ్న! మన అడవుల్లో చలికాలంలో కూడా చెదలు, చీమలు, రేగుపండ్లు దొరుకుతాయి. తిండి దొరికేచోట నెలల తరబడి పడుకోవలసిన పనిలేదు.

మంచు ప్రదేశాల సంగతి వేరు. అలాస్కాలో నేలలో బొరియలు చేసుకొని బతికే ఒక ఉడుత ఉంది. ఏడాదిలో ఏడెనిమిది నెలలు అది బొరియలోనే ముడుచుకొని ఉంటుంది. దీనినే శీతాకాల సుప్తావస్థ అంటారు. ఇది మామూలు నిద్ర కాదు. గుండె నిమిషానికి కొద్దిసార్లే కొట్టుకుంటుంది. ఉడుత కడుపులోని ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 2.9 డిగ్రీల సెల్సియస్ వరకు పడిపోతుందని 1989లో బ్రయాన్ బార్న్స్ అనే శాస్త్రజ్ఞుడు వెల్లడించాడు. రెండు మూడు వారాలకొకసారి మాత్రం ఒళ్లు వేడెక్కి, కొన్ని గంటల తర్వాత మళ్లీ చల్లబడుతుంది.

చలి తగిలితే చాలా? చాలదు. మెదడు కూడా సిద్ధంగా ఉండాలి.

మన కణాలు శక్తిని ఖర్చు చేసినప్పుడు ఎడినోసిన్ అనే పదార్థం ఏర్పడుతుంది. అది మెదడులో పేరుకొన్నకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. నాడీకణాల మీద దానిని అందుకొనే గ్రాహకాలుంటాయి. పరీక్షలప్పుడు మీ అన్నయ్య రాత్రిపూట టీ తాగుతాడు కదా? టీలోని కెఫీన్ ఆ గ్రాహకాల్లో ముందే చేరి కూర్చుంటుంది. ఎడినోసిన్‌కు చోటుండదు. అందుకే నిద్ర రాదు!

అలాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన తులసి జింక, కెల్లీ డ్రూ, వారి సహచరుడు కలిసి చేసిన ప్రయోగం 2011లో వెలువడింది. ఎడినోసిన్ లాగే పనిచేసే ఒక మందును వారు ఉడుతల మెదడులోకి ఎక్కించారు. వేసవిలో ఇస్తే ఆరింటిలో ఒక్కటి కూడా సుప్తావస్థలోకి పోలేదు. సుప్తావస్థ కాలం మొదట్లో ఇస్తే రెండు పోయాయి. ఆ కాలం నడిమధ్యలో ఇస్తే ఆరుకు ఆరూ పోయాయి! కెఫీన్ కోవకు చెందిన మరో మందు ఇస్తే, సుప్తావస్థలోకి జారుతున్న ఉడుతలు వెనక్కి తిరిగాయి.

మందు మారలేదు. మరి మారినదేమిటి? ఉడుత మెదడు. నంద్యాల నల్లరేగడిలో శనగ వేసే రైతు అక్టోబరు, నవంబరు దాకా ఆగుతాడు. విత్తనం ఉంటే చాలదు, అదను రావాలి. అలాగే రుతువును బట్టి మెదడు ఎడినోసిన్‌కు స్పందించే తీరు మారుతుంది.

దీనితో మనకేం పని అంటారా? రక్తం అందకపోతే మనిషి మెదడు నిమిషాల్లోనే దెబ్బతింటుంది. పక్షవాతంలో జరిగేది ఇదే. శరీరాన్ని చల్లబరిస్తే మెదడుకు ప్రాణవాయువు అవసరం తగ్గుతుంది. కాని మన శరీరం ఊరుకోదు, వణికి వేడి పుట్టిస్తుంది. ఉడుత మాత్రం వణకకుండా చల్లబడుతుంది. ఆ కిటుకు పూర్తిగా తెలిస్తే ఎందరి మెదళ్లనో కాపాడవచ్చునని శాస్త్రజ్ఞుల ఆశ.

ఈ రాత్రి ఆడుకొని వచ్చిన వెంటనే మీ నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టండి. తెల్లవారి లేవగానే, పక్కమీద నుంచి దిగకుండా మళ్లీ లెక్కపెట్టండి. రెండు అంకెలనూ ఉడుత గుండెతో పోల్చి చూడండి. మామూలు నిద్రకూ, సుప్తావస్థకూ ఎంత తేడా ఉందో మీకే తెలుస్తుంది.